సెన్సమ్మ వరసలో ఒకరు తక్కువ

సెన్సమ్మ ఎక్కడ ఎంతమందిని లెక్కపెట్టినా చివరికి ఒకరు తక్కువవుతారు. పదిమందిని నిలబెడితే పదకొండో మనిషి తక్కువ. ఆ పదకొండో మనిషిని ఎక్కడినుంచో పట్టుకొస్తే, పన్నెండో మనిషి ఇంకా రాలేదేమని గుమ్మం వైపు చూస్తుంది. పోనీ ఆమెకు లెక్కలు రావనుకుందామా అంటే, తాళం ఎన్నో దెబ్బ దగ్గర తప్పిందో వంటింట్లో టీ తాగుతూ చెప్పగలదు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ లెక్క జారిపోతుంది. కువైట్‌లోని ఖైతాన్‌లో ఆమె ఫ్లాటు ఉన్న వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు: ఆ ముసలావిడ కంటపడితే మన పేరు అడగదు, ఊరు అడగదు, ‘ఒకరు తక్కువుండారే!’ అంటుంది, అంతే, ఆ తర్వాత మన శుక్రవారం మనది కాదు.

ఆమె అసలు పేరు ఉమెకో తమాకి. జపాన్‌కు దక్షిణాన, సముద్రం మీద ఎవరో గుప్పెడు అటుకులు చల్లినట్టు కొన్ని దీవులున్నాయి. ఒకినావా అంటారు. ఆమెది అక్కడ. ఓడల ఇంజనీరైన భర్తతో కువైట్ వచ్చింది. ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయి, ఒక దర్జీ దుకాణం పైన ఫ్లాటు తీసుకుని నాట్యం నేర్పుతోంది. గురువును జపాన్ వాళ్ళు ‘సెన్సే’ అంటారు. ఆమెకు వంట చేసే మా అమ్మ గంగాదేవికి అది నచ్చలేదు. “గురువును అట్ల మొండిగా పిలిస్తే కళ్ళు పోతాయి” అని చివర అమ్మను తగిలించి సెన్సమ్మను చేసింది.

మా అమ్మకు జపాన్ భాష రాదు. సెన్సమ్మకు మొదట్లో తెలుగు రాదు. పప్పులో ఉప్పు గురించి పోట్లాడుకోవాలంటే ఇద్దరిలో ఎవరో ఒకరు నేర్చుకోక తప్పదు. మా అమ్మ మొండిది కాబట్టి సెన్సమ్మే నేర్చుకుంది. అదీ అచ్చమైన రాజంపేట తెలుగు. నెరిసిన ముడి, పాలమీగడ రంగు మొహం, పట్టు కిమోనో, నా భుజం దాకా కూడా రాని మనిషి. “యాడికే పిల్లా పోతాండావు, బిన్నే రా” అంటే, మొదటిసారి విన్నవాళ్ళు వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూస్తారు.

నేను తిరుపతిలో తెలుగు ఎం.ఏ. ముగించుకుని అమ్మ దగ్గరికి వచ్చాను. అబ్బాసియాలో ఒక బడి లైబ్రరీలో పనిచేస్తున్నాను. నన్ను చూసిన మొదటి రోజే సెన్సమ్మ “ఒకరు తక్కువుండారే!” అంది. నేను చేతిలో ఉన్న పుస్తకాన్ని మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆమె ఆ పుస్తకాన్ని కాసేపు చూసి, “సరే, నువ్వు మూలన కూచోని పాట పెట్టు” అంది. అప్పట్నుంచీ శుక్రవారాలు స్పీకర్ మీట నొక్కేది నేనే. మూలన కూర్చున్నవాళ్ళకు అన్నీ కనిపిస్తాయి. అయినా నాకు చాలాకాలం అసలు సంగతి కనిపించలేదు.

ఆమె పాఠం చెప్పే తీరు చూడాలి. ఆ నాట్యంలో పాదం నేలను వదలకూడదు, జారాలి. దానికి వాళ్ళ దగ్గర పెద్ద శాస్త్రం ఉందట. సెన్సమ్మ ఆ శాస్త్రాన్ని మడిచి బీరువాలో పెట్టి, “నేలను ఇస్త్రీ చెయ్ మే” అంటుంది. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలో పనిచేసేవాళ్ళు. చెప్పీ చెప్పకముందే వాళ్ళ పాదం ఇస్త్రీపెట్టె అయిపోతుంది. చేతులు గాలిలో తిప్పడానికి “పిండి పిసుకు. చపాతీ పిండి, మెత్తంగ.” మొహం కదలకూడదు, తల తిప్పకూడదు, చూపు ఎదురుగా ఒకచోటే నిలవాలి. దానికి, “పొయ్యి మీద పాలు పెట్టినావు. చూడు. పొంగినాయంటే నీదే తప్పు.” ఆ కనపడని పాలను పాట అయ్యేదాకా పొంగకుండా కాయడమే నాట్యంలో సగం.

ఇందులో విసనకర్రతో ఆడేది జపాన్ నాట్యం. ఎర్ర తామరపువ్వులాంటి పెద్ద టోపీ పెట్టుకుని, చేతుల్లో వెదురుబద్దలు టకటకలాడించేది ఒకినావా నాట్యం. రెండూ ఒకటే కదా అన్నామో, అయిపోయామే. “ఒకటేనా? పొయ్యి మీ యమ్మను తెలంగాణామె అని పిలువు, చూద్దాం” అంటుంది.

చిన్నరాజం ఈ వరసలోకి ఎలా వచ్చాడో చెప్పాలి. జగిత్యాల నుంచి కొత్తగా వచ్చి, కింద దర్జీ పక్కనున్న బకాలాలో, అంటే కిరాణా కొట్లో, సామాన్లు ఇళ్ళకు చేరవేసే పనిలో చేరాడు. ఒక శుక్రవారం భుజాన నీళ్ళ క్యానుతో తలుపు తట్టాడు. సెన్సమ్మ అతణ్ణి పాదాల నుంచి తల దాకా చూసింది.

“ఆగు. ఆ చివర నిలబడు. ఒకరు తక్కువుండారే!”

“ఏందమ్మా? నేను నీళ్ళు పెట్టి పోదామని వచ్చిన.”

“నీళ్ళు యాడికీ పోవు.”

“నాకు ఆడుడు రాదమ్మా. బతుకమ్మ సుత మా ఆడోళ్ళే ఆడుతరు. మేం దూరంకెల్లి చూస్తం.”

“దూరం నుంచి చూసినావు గదా, ఇప్పుడు దగ్గిర్నుంచి చూడు.”

చేతిలో ఒక చిన్న డోలు పెట్టింది. అతను భయం భయంగా కొట్టాడు. ఏ పాట పెట్టినా అతని చేతికి ఊరి డప్పు దెబ్బే వస్తోంది. ఒకినావా రాచనగరులో పుట్టిన నాట్యం కాస్తా జగిత్యాల జాతర దారి పట్టింది. సెన్సమ్మ కళ్ళు మూసుకుని విని, “ఇది మా దీవిలో లేదు” అంది. కళ్ళు తెరిచి, “ఉండనీ” అంది. ఆటయ్యాక అతను వెళ్ళబోతుంటే, “తినిపో. పళ్ళెం పెట్టేసినా, ఎత్తితే దోసం” అని కూర్చోబెట్టింది. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం ఒక నీళ్ళ క్యాను ఆ ఫ్లాటుకు రావడానికి మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా పడుతుంది. బకాలా సేటు ఎందుకింత ఆలస్యమని అడిగితే, “లిఫ్టు లేదు సేటూ” అంటాడట. ఫ్లాటు మొదటి అంతస్తులో ఉంది.

ఖైతాన్ నుంచి అబ్బాసియాకు మనుషుల్ని చేరవేసే షేరింగ్ కారు నడిపే మునాఫ్‌ది ఇంకో బాధ. కడప మనిషి. సీట్లన్నీ నిండి కారు కదలబోతుంటే, ముందు కూర్చున్న సెన్సమ్మ వెనక్కి తిరిగి లెక్కపెట్టేది.

“ఆగబ్బా. ఒకరు తక్కువుండారే!”

“ఇంగ సీటేదమ్మా? ఖలాస్, నిండిపాయ.”

“ఆ పాప ఎండలో నిలబడుండాదే. నేను సన్నంగనే ఉండాను గదా, జరుగుతా.”

“నువ్వు సన్నంగుంటే పోలీసోడు లావుంగుంటాడమ్మా, నా లైసెన్సు పోతాది!”

చివరికి విసిగిపోయి, ఆమె వీధి మలుపు తిరుగుతుండగానే ఖాళీ కారులో కూర్చుని “ఫుల్ అమ్మా, ఫుల్!” అని చేతులు ఊపడం మొదలుపెట్టాడు. ఆమె కిటికీలోంచి తొంగిచూసి, “ఒక మనిషి గూడా లేడే. ఐతే తీరిగ్గా ఉండావు. శుక్రవారం తెర లాగేదానికి ఒకరు తక్కువుండారు” అంది. ఇప్పుడు మా ప్రోగ్రాములకు తెర లాగేది మునాఫే.

మా అమ్మ బాధ మా అమ్మది. “ఐదుమందికి వండమంటాదా, వండినాక ఆరోది ఏది అంటాది. ఎవురు ఆ ఆరో మనిషి అంటే ‘నాకేం తెలుసు, వస్తాది’ అంటాది. ఇంత వయసొచ్చి లెక్క రాకపోతే ఎట్ల?” ఈ మాట సెన్సమ్మ ఎదురుగానే అనేది. సెన్సమ్మ నవ్వుతూ ఆరో పళ్ళెం కడుక్కునేది.

ఈ పిచ్చిని మన పనికి వాడుకుంటే ఏమని మా అమ్మకు తట్టింది తిరుపాలమ్మ వల్ల.

తిరుపాలమ్మది రాజంపేట పక్క పల్లె. మామా మజీదా అనే పెద్దింటావిడ దగ్గర పని. పనిచేసే ఇంటి యజమానురాలిని ఇక్కడ ‘మామా’ అంటారు. ఆమె మొగుడు సుబ్బన్న కూడా కువైట్‌లోనే, సులైబియాలో దోసకాయల తోటలో పనిచేస్తాడు. ఊళ్ళో ఉన్నప్పుడు రోజూ పోట్లాడుకునేవాళ్ళట. ఇక్కడికొచ్చి రెండేళ్ళయినా, పోట్లాడుకోవడానికి కూడా కలవలేకపోయారు. ఒక్కసారి మాత్రం సులైబియా కూరగాయల మార్కెట్ దగ్గర మామా కారు ఆగినప్పుడు, కారు అద్దం వెనక తిరుపాలమ్మ, దోసకాయల పెట్టె వెనక సుబ్బన్న, సిగ్నల్ పచ్చగా మారేదాకా ఒకరినొకరు చూసుకున్నారు.

మామా చెడ్డది కాదు. తిట్టదు, కొట్టదు, తను తిన్నదే పెడుతుంది. కానీ అంతకుముందు పనిచేసినామె ఒకరోజు సెలవని వెళ్ళి మళ్ళీ రాలేదు. అప్పట్నుంచి గడప దాటడం గురించి ఎవరడిగినా ఒకటే మాట: “లా.” వద్దు, కుదరదు, మళ్ళీ అడగకు, అన్నీ ఆ ఒక్క మాటలో ఉంటాయి. తిరుపాలమ్మ రోజూ ఫోనులో మా అమ్మతో చెప్పుకుని ఏడ్చేది. మా అమ్మ పొయ్యి దగ్గర గరిట తిప్పుతూ ఓదార్చేది. మా అమ్మ ఓదార్పు మొదలైతే కింద దర్జీ మిషను ఆపి వింటాడు.

ఒకరోజు అమ్మ నాకు కన్నుగీటి, సెన్సమ్మ దగ్గర అమాయకంగా మొదలుపెట్టింది. “సెన్సమ్మా, వరసలో ఒకరు తక్కువంటివే. మా ఊరామె ఒకామె ఉండాది. కోలాటం బాగా ఆడతాది. మంచి పొడుగు.”

“అట్లనా?” అంది సెన్సమ్మ. “యాడుంటాది? పద.”

“చూసినావా, ఎట్ల పడిందో!” అని అమ్మ మెట్లు దిగుతూ నా చెవిలో మురిసిపోయింది.

సెన్సమ్మ మంచి కిమోనో కట్టుకుని, టోపీల పెట్టె నా చేతికిచ్చి మామా ఇంటికి బయల్దేరింది. మామాది అరబ్బీ, సెన్సమ్మది ఇంగ్లీషు, హిందీ, అవి చాలనిచోట తెలుగు. అయినా ఒకరికొకరు ఎలా అర్థమయ్యారో నాకు తెలియదు గాని అయ్యారు. వాళ్ళ మాటలను తెలుగు చేసి రాస్తున్నాను.

సెన్సమ్మ నడుము దాకా వంగి దండం పెట్టింది. సోఫాలో ఉన్న మామా ఏం చెయ్యాలో తోచక లేచి నిలబడింది.

“మామా, నవంబరులో పెద్ద హాల్లో మా నాట్యం ఉంది. ఒకరు తక్కువ.”

“కువైట్‌లో మనుషులకు తక్కువా?”

“ఈ ఎత్తు మనిషి లేరు” అంటూ సెన్సమ్మ నడుం దగ్గర్నుంచి టేపు లాగింది. టీ ట్రేతో వస్తున్న తిరుపాలమ్మను ట్రేతో సహా మడమ నుంచి నడినెత్తి దాకా కొలిచింది. “ఇదే! ఒక్క వేలు ఎక్కువైనా టోపీల వరస చెడుతుంది.”

“మా ఫిలిప్పీన్ అమ్మాయి ఉంది.”

“పొట్టి.”

“మా డ్రైవరు ఉన్నాడు.”

“మీసం.”

మామా నవ్వు ఆపుకోలేకపోయింది. అప్పటికే ఆమె కన్ను టోపీ మీద పడింది. తీసి తన నెత్తిన పెట్టుకుని అద్దంలో అటూ ఇటూ చూసుకుంది. సగం పని ఆ టోపీయే చేసింది. “శుక్రవారం మధ్యాహ్నం, అసర్ నమాజు తర్వాత, రెండు గంటలు. డ్రైవరు దింపుతాడు, డ్రైవరే తెస్తాడు. ఇంకేమీ లేదు.”

తిరుపాలమ్మ మొదటి టీ కప్పు సెన్సమ్మకు అందించింది.

ఆ శుక్రవారం మా అమ్మ కబురు పెడితే సుబ్బన్న దోసకాయల సంచితో ఖైతాన్ మెట్ల మీద ప్రత్యక్షమయ్యాడు. సెన్సమ్మ క్రమశిక్షణ మాకు తెలుసు. పాఠం మధ్యలో మొగుడూ పెళ్ళాల ముచ్చట్లంటే ఒప్పుకోదు. అందుకని అతను చిన్నరాజం స్నేహితుడని చెప్పాం.

“చిన్నప్పటికెల్లి దోస్తులం” అన్నాడు చిన్నరాజం.

“ఔ, చిన్నప్పుడే కలిసి తిరిగినాం” అన్నాడు సుబ్బన్న.

ఒకరిది జగిత్యాల, ఒకరిది రాజంపేట. చిన్నప్పుడు ఎక్కడ కలిసి తిరిగారో సెన్సమ్మ అడగలేదు. సుబ్బన్నను ఎగాదిగా చూసి మూలనున్న పెద్ద కాగితం గొడుగు తీసి చేతిలో పెట్టింది. తర్వాత తిరుపాలమ్మ వైపు తిరిగి ఉరిమింది.

“నీ నడక ఏం బాగలేదు మే. అందరి ముందర నేర్పితే సిగ్గుపడతావు. మేడ మీదికి పొయ్యి నేలను ఇస్త్రీ చెయ్. ఎండ తగలకుండా ఈ అబ్బి గొడుగు పడతాడు. రెండు గంటలు. ముందే దిగినావంటే కాళ్ళిరగ్గొడతా.”

మా అమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ వంటింట్లోకి పరిగెత్తింది. “దేవుడు ఎట్ల కలిపినాడో చూడు! ఈ ముసిలామెకు రొంత గూడా అనుమానం రాలే!”

వారాలు గడిచినా తిరుపాలమ్మ నడక బాగుపడలేదు. “ఇంగా బాగలేదు, మేడ మీదికి పో” అనేది సెన్సమ్మ ప్రతిసారీ. నాకు జాలేసేది. తిరుపాలమ్మ నడక నిజానికి అందరికంటే బాగుండేది. ఈమెకు లెక్కలే కాదు, చూపూ తగ్గిందనుకున్నాను.

అంతా సాఫీగా సాగుతున్నప్పుడు ఒక శుక్రవారం డ్రైవరుకు బదులు మామానే మెట్లెక్కి వచ్చింది, పనిమనిషి ఏం నేర్చుకుంటోందో చూద్దామని. మా అమ్మ మొహం పిండిలా తెల్లబోయింది. మేడ మీద మొగుడూ పెళ్ళాం ఉన్నారు. ఎలాగో మామాను మాటల్లో పెట్టి పంపేస్తే సరిపోయేది. కానీ సెన్సమ్మ మామాను చూసింది. ఆమె కళ్ళు వెలిగాయి.

“మామా! ఒకరు తక్కువుండారే!”

“ఈమె పిచ్చి పాడుగాను” అని అమ్మ తల పట్టుకుంది.

మామా వరసలో నిలబడింది. టోపీ పెట్టుకుంది. అంతలో పైనుంచి సుబ్బన్న గొంతు వినిపించింది. “ఆ ఎద్దును అమ్మొద్దని జెప్పినానా లేదా?” దానికి తిరుపాలమ్మ గొంతు ఇంకా గట్టిగా, “ఆ ఎద్దు నీ మాదిరే, తినేది జాస్తి పని తక్కువ!” రెండేళ్ళ బాకీ ఒకేసారి తీరుతున్నట్టుంది.

“పాట గట్టిగా పెట్టు” అంది సెన్సమ్మ నాతో.

“పైన ఎవరు?” అంది మామా.

“తిరుపాలమ్మ. నడక నేర్చుకుంటోంది.”

“నాలుగు కాళ్ళ చప్పుడు వస్తోంది.”

“మామా, తల తిప్పొద్దు. పాలు పొంగుతున్నాయి.”

మామా ఠక్కున ఎదురుగా చూసింది. పాట అయ్యేదాకా ఆ పాలను వదల్లేదు. ఆ రోజు గండం గట్టెక్కింది గాని, మామాకు నాట్యం తగులుకుంది. ప్రతి శుక్రవారం తిరుపాలమ్మను వెంటబెట్టుకుని తనే రావడం మొదలుపెట్టింది. సుబ్బన్న మామా రాకముందే మేడెక్కి, ఆమె వెళ్ళాకే దిగేవాడు. ముందు వరస తనది. కొత్త పట్టు కుట్టించుకుంది. అక్కచెల్లెళ్ళందరినీ ప్రోగ్రాముకు పిలిచింది. పక్కనున్నవాళ్ళ కాలు లేస్తే, మాకంటే స్పష్టంగా “ఇస్త్రీ, ఇస్త్రీ!” అని కసిరేది.

మేము నేర్చుకుంటున్నది ఒక పాత నాట్యం. ప్రియుడి కోసం బట్ట నేస్తూ ఎదురుచూసే అమ్మాయి కథ. ఏడుపు ఉండదు, మొహం కదలదు. చెయ్యి కొంచెం ఎత్తి, గడ్డం కొంచెం దించి, అతను రాలేదని తెలుసుకోవడం, అంతే. మా వరసలో తొమ్మిదిమంది ఎదురుచూస్తారు. ఆ ప్రియుడు ఎవడో గాని పొరపాటున వస్తే ఇంతమందిని చూసి వచ్చిన దారినే పారిపోతాడని చిన్నరాజం అనేవాడు.

ప్రోగ్రాముకు ముందు రోజు హాలు ముందున్న ఖాళీ స్థలంలో ఆఖరి రిహార్సల్ జరిగింది. వరస చివర తిరుపాలమ్మ, ఆమె పక్కన గొడుగు పట్టుకుని సుబ్బన్న; ముందున్న మామా తల తిప్పదు గదా అని మా ధైర్యం. ప్రోగ్రాముకు అతిథిగా ఒకినావా నుంచి ఒక పెద్ద నాట్యగురువు వచ్చింది. మర్యాదగా కూర్చుని చూసి, మర్యాదగా చప్పట్లు కొట్టి, మర్యాదగానే ఇంగ్లీషులో అంది: “చాలా బాగుంది. కానీ ఇది ఒక్కరే ఆడే నాట్యం కదా? తొమ్మిదిమంది ఆడగా నేనెప్పుడూ చూడలేదు.”

పాట ఆగిపోయింది. నేనే ఆపానేమో కూడా గుర్తులేదు.

మామా టోపీ తీసి చేత్తో పట్టుకుని సెన్సమ్మ దగ్గరికి వచ్చింది. “ఒక్కరేనా?”

ఎప్పుడూ పాల మీంచి చూపు తిప్పని సెన్సమ్మ మొదటిసారి తన కాలిబొటనవేలు చూసుకుంది. “ఒక్కరే, మామా. మా ముత్తవ్వల నాటినుంచీ ఒక్కరే.”

“అంటే ఎవరూ తక్కువ కాలేదు.”

“కాలేదు.”

“మరి ఆ ఎత్తు?”

“ఎత్తుదేముంది, టోపీలో గుడ్డ పెడితే సరిపోతుంది.”

మామా వరసను ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. చూపు గొడుగు దగ్గర ఆగింది. గొడుగు నీడంతా తిరుపాలమ్మ మీద ఉంది. పట్టుకున్న మనిషి నెత్తి ఎండలో మాడుతోంది.

“ఎవరతను?”

“మా చిన్నాయన కొడుకు” అంది మా అమ్మ.

“నా దోస్తు” అన్నాడు చిన్నరాజం.

“నా కారు కడుగుతాడు” అన్నాడు మునాఫ్.

మూడు జవాబులూ ఒకేసారి వచ్చాయి. సుబ్బన్న తనూ ఏదో ఒకటి చెప్పాలనుకుని “గొడుగు” అన్నాడు.

“ఆమె భర్త” అంది సెన్సమ్మ.

మా అమ్మ నోరు తెరుచుకుంది. “నీకెట్ల తెలుసు?” అని తెలుగులో అరిచేసింది.

“నువ్వు ఫోన్లో మాట్లాడితే సులైబియా దాకా వినపడతాది గంగాదేవీ. నేను పక్క గదిలో ఉంటా. నాకు తెలుగు నేర్పింది నువ్వే గదా, మర్సిపోతే ఎట్ల?”

ఆమెను మోసం చేస్తున్నామని మేము ఇన్నాళ్ళు మురిసిపోయాం. మేము మురిసిపోవడం చెడగొట్టడం ఇష్టంలేక ఆమె మోసపోతూ వచ్చింది. మేడ, గొడుగు, ఎప్పటికీ బాగుపడని నడక. చిన్నరాజం వచ్చిన కొత్తలో మెట్ల మీద ఒక్కడే కూర్చుని రొట్టె నములుతుండేవాడని దర్జీ అన్న మాట కూడా అప్పుడే నాకు తట్టింది. ఎం.ఏ.లో పద్యానికి అంతరార్థాలు పేజీలకు పేజీలు రాసినదాన్ని, మూలన కూర్చుని కూడా ఇది చదవలేకపోయాను.

కానీ అప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు.  మామా తిరుపాలమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

“నన్ను అడగొచ్చు కదా?”

“అడిగినాను మామా. లా అన్నారు.”

“సెలవు అడిగావు. భర్త ఉన్నాడని చెప్పావా?”

“భర్త కోసమంటే అసలే పంపరనుకున్నా మామా.”

మామా చేతిలోని టోపీని ఒక చుట్టు తిప్పింది. “నిజమే. పంపేదాన్ని కాదు” అంది. ఆ మాట తనకే నచ్చనట్టు మొహం చిట్లించింది. మళ్ళీ గొడుగు వైపు చూసింది. సుబ్బన్న అంత భయంలోనూ గొడుగు తన వైపు రవ్వంత కూడా వంచుకోలేదు.

మామా అతిథి వైపు తిరిగింది. “మీ దేశంలో ఈ అమ్మాయి ఒక్కతే ఎదురుచూస్తుందా?”

“అవునండీ.”

“పక్కన మాట్లాడే మనిషి కూడా లేకుండా?”

“సంప్రదాయం అది...”

“హరామ్” అంది మామా. అంటే పాపం, ఘోరం అని. “కువైట్‌లో ఒక్కదాన్నే అలా వదలం. తొమ్మిదిమందిమి కలిసి ఎదురుచూస్తాం. ఇది కువైట్ పద్ధతి. మా అక్కచెల్లెళ్ళు రేపు చూడటానికి వస్తున్నారు, నా పట్టు కూడా కుట్టించేశాను. యల్లా, కానివ్వండి!” అని టోపీ నెత్తిన పెట్టుకుని ముందు వరసలో తన చోట నిలబడింది.

మామా తల తిప్పకుండానే అరిచింది: “పాట ఏది? పాలు పొంగుతున్నాయి!”

ప్రోగ్రాము బాగా జరిగింది. మునాఫ్ తెర ఒకసారి ముందే లాగేశాడు గాని, అదీ కువైట్ పద్ధతే అనుకున్నారు. అతిథి వెళ్ళేటప్పుడు సెన్సమ్మ చేతులు పట్టుకుని చాలాసేపు ఏదో మాట్లాడింది. ఇద్దరూ నవ్వారు. ఏమందని మా అమ్మ అడిగితే, “వాళ్ళ క్లాసులో గూడా ముసిలోళ్ళు శానామంది ఒక్కరే ఉంటారంట. పొయ్యి వరస పెడతానంది” అంది సెన్సమ్మ.

ఆ తర్వాత మామా తీర్పు చెప్పింది. ఇకనుంచి శుక్రవారం పొద్దున్నుంచి చీకటిపడేదాకా తిరుపాలమ్మది. నాట్యం సాకు అక్కర్లేదు, మేడ అక్కర్లేదు. ఎక్కడికి కావాలంటే అక్కడికి డ్రైవరు దింపుతాడు.

మొదటి శుక్రవారం మొగుడూ పెళ్ళాం అబ్బాసియా వెళ్ళారు. ఇక క్లాసుకు రారనుకుని మేము వరస సర్దుకుంటున్నాం. అసర్ నమాజు కూడా కాకముందే ఇద్దరూ మెట్లెక్కి వచ్చారు.

“ఏమ్మే, అప్పుడే వచ్చేస్తిరే?” అంది అమ్మ.

“దోసెలు తిన్యాం. అంగళ్ళన్నీ తిరిగినాం. ఎద్దు గురించి పోట్లాడుకున్యాం. ఇంగేముండాదక్కా?” అంది తిరుపాలమ్మ చెప్పులు విడుస్తూ. “రెండు గంటలంటే సరిపోయేది. పొద్దస్తమానమంటే ఈ మనిషితో ఏం మాట్లాడేది?”

సుబ్బన్న అలవాటుగా మూలనున్న గొడుగు కోసం వెళ్తుంటే సెన్సమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, తెచ్చి వరసలో తిరుపాలమ్మ ఎదురుగా నిలబెట్టింది.

“నేనా? ఇది ఆడోళ్ళది గదమ్మా, మొగోని కోసం దావ చూసే ఆట!”

“దావ చూసేది ఆడోళ్ళేనా? నువ్వు చూళ్ళేదా?”

సుబ్బన్న చెప్పులు విడిచి నిలబడ్డాడు. పాట పెట్టాను. అతను దోసకాయల పాదుల మధ్య నడిచినట్టు కాళ్ళు ఎత్తెత్తి వేస్తున్నాడు. మామా ముందు వరసలోంచి “ఇస్త్రీ, ఇస్త్రీ!” అని కసురుతోంది. మనసులో ప్రియురాలి కోసం ఎదురుచూస్తూ గడ్డం రవ్వంత దించాల్సినచోట, అతను వాచీ చూసుకుని, గోడ చూసి, వంటింట్లోంచి వస్తున్న తాలింపు వాసన కోసం అటు తిరిగాడు.

తిరుపాలమ్మ నవ్వు ఆపుకోలేక వరస తప్పించుకుని నా మూలకు వచ్చి కూర్చుంది.

“రెండేళ్ళు నీ కోసం దావ చూసినా, దావ చూసినా అని రోజూ ఫోన్లో ఏడ్సినాడు పాపా,” అంది నా చెవిలో. “ఈ వాటం చూస్తే నాకిప్పుడు నమ్మబుద్ధి గాలేదు.”